‘అమ్మో’కీ ‘పాపం’కీ మధ్య బోరిస్ కార్లాఫ్

ముందు బయట బరువైన అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంటుంది. గుమ్మంలో ఒక వీపు. ఆ జీవి వెనక్కి నడుచుకుంటూ గదిలోకి వచ్చి, నెమ్మదిగా ఇటు తిరుగుతుంది. ఆ తర్వాత వెంటవెంటనే కట్‌లు, కట్ కట్‌కీ ముఖం మరింత దగ్గరగా. చదునైన నడినెత్తి, మెడకి చెరోవైపు ఇనుప బిరడాలు, సగం వాలిన కనురెప్పలు, పీక్కుపోయిన బుగ్గ. 1931లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో బోరిస్ కార్లాఫ్ వేసిన మాన్‌స్టర్ మొదటిసారి కనిపించే సీన్ ఇది. తొంభై ఏళ్ళు దాటినా ఆ ముఖం చూస్తే ఇప్పటికీ ‘అమ్మో’ అనిపిస్తుంది.

అక్కడితో ఆపేయకుండా ఇంకో నిమిషం చూడాలి. శవాల ముక్కలతో ఆ జీవిని తయారుచేసిన డాక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ దాన్ని కుర్చీలో కూర్చోబెడతాడు. పైకప్పులో ఉన్న కిటికీ తెరుస్తాడు. పుట్టిన దగ్గర్నుంచీ చీకట్లోనే ఉంచిన జీవి కదా, వెలుగు ముఖం మీద పడగానే తల ఎత్తి చూస్తుంది. లేచి నిలబడుతుంది. రెండు చేతులూ మెల్లగా పైకి లేస్తాయి, చూరు కింద నిలబడి వాన చినుకుల కోసం పసిపిల్లలు చేతులు చాపినట్టు. కిటికీ మూసేస్తారు. వెలుగు ఎటు పోయిందో దానికి అర్థం కాదు. అప్పుడు ఆ చేతుల్నే డాక్టర్ వైపు చాచి, అరచేతులు తెరిచి అడుగుతుంది. డైలాగ్ లేదు. వెనకాల వయొలిన్లు లేవు. టైటిల్స్ దగ్గర తప్ప ఆ సినిమాలో నేపథ్య సంగీతం లేనట్టే. చేతులు, ముఖం, అంతే. ‘అమ్మో’ అన్న నోటితోనే ‘పాపం’ అనిపిస్తుంది.

బోరిస్ కార్లాఫ్ గొప్పతనం ఈ రెండు మాటల మధ్య ఉంది. భయపెట్టే నటులు చాలామంది వచ్చారు. జాలి పుట్టించే నటులూ ఉన్నారు. ఒకే ముఖంతో, ఒకే సీన్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి ప్రేక్షకుణ్ణి నడిపించిన వాళ్ళు బహు తక్కువ. తెలుగులో ఈ సినిమా గురించి మాట్లాడుకునేటప్పుడు మనకే తెలియకుండా ఒక మార్పు జరుగుతుంది. మొదట్లో ఆ జీవిని ‘అది’ అంటాం. సగం కథ చెప్పేసరికి ‘అతను’ వచ్చేస్తుంది. చివరికొచ్చేసరికి ‘వాడేం చేశాడు పాపం’ అంటాం. ఈ మార్పు తెచ్చింది కథ ఒక్కటే అయితే ఆ పాత్ర వేసిన ప్రతివాళ్ళకీ అది జరగాలి. తర్వాత ఆ మేకప్ వేసుకున్న నటులు చాలామందే ఉన్నారు. కార్లాఫ్‌కి జరిగినంతగా వాళ్ళకి జరగలేదు.

ఆయన అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబర్ 23న లండన్‌లోని క్యాంబర్‌వెల్‌లో, తొమ్మిదిమంది సంతానంలో ఆఖరివాడిగా పుట్టారు. తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్నుల శాఖ ఉద్యోగి. తల్లి వైపూ తండ్రి వైపూ భారతీయ మూలాలున్న కుటుంబం. అమ్మమ్మకి సొంత చెల్లెలు అన్నా లియోనోవెన్స్. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుగారి పిల్లలకి చదువు చెప్పిన ఆవిడ. ఆవిడ కథే తర్వాత నాటకాల్లోకీ సినిమాల్లోకీ ఎక్కింది. పుట్టింది మన అహ్మద్‌నగర్‌లో. కార్లాఫ్ రక్తంలో భారతదేశం ఉందన్న సంగతి ఆయన బతికుండగా పెద్దగా చర్చకి రాలేదు. ఒంటి ఛాయ మాత్రం దాగలేదు. మూకీల కాలంలో హాలీవుడ్ ఆయనకి అరబ్బుల వేషాలూ, రెడ్ ఇండియన్ వేషాలూ, ఏదో ఒక ‘పరాయి’ వేషమూ ఇచ్చింది.

ఇంట్లో అన్నలు దౌత్య, ప్రభుత్వోద్యోగాల్లో పెద్ద పదవుల్లోకి వెళ్ళారు. ఈ చిన్నవాణ్ణీ ఆ దారిలోనే పెట్టాలని చూశారు. ఆయన 1909లో ఓడెక్కి కెనడా వెళ్ళిపోయారు. పొలం పనులు, కూలి పనులు చేశారు. ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో చేరారు. ఇంటిపేరు వదిలి బోరిస్ కార్లాఫ్ అని పెట్టుకున్నారు. తర్వాత హాలీవుడ్‌లో వేషాలు దొరకనప్పుడు లారీ నడిపారు, బస్తాలు మోశారు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చేనాటికి వయసు 44. ఆ వయసుకి చాలామంది నటులు ఇక ఇంతేలే అనుకుని సర్దుకుపోతారు. మాన్‌స్టర్ నడకలో ఉన్న ఆ బరువు బూట్ల వల్ల వచ్చిందేనని చెప్పుకుంటారు కానీ, ఏళ్ళ తరబడి బరువులు మోసిన మనిషికి అలసిన ఒళ్ళు ఎలా కదులుతుందో ఒకరు నేర్పక్కర్లేదు.

దానికి కొద్ది నెలల ముందు హోవర్డ్ హాక్స్ తీసిన ‘ది క్రిమినల్ కోడ్’లో కార్లాఫ్ ఖైదీ వేషం వేశారు. జైల్లో తోటివాళ్ళని పట్టించిన మనిషి మీదికి మాట్లాడకుండా, తొందరపడకుండా నడిచి వెళ్ళే సీన్ ఒకటి ఉంది. భయాన్ని నడకతోనే తేవచ్చని ఆయన అక్కడే చూపించేశారు. ఈ సినిమా సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

యూనివర్సల్ స్టూడియో క్యాంటీన్‌లో డైరెక్టర్ జేమ్స్ వేల్ ఆయన్ని చూసి ఆ ముఖం పనికొస్తుందనుకున్నారు. మేకప్ మాన్ జాక్ పియర్స్ రోజుకి దాదాపు నాలుగు గంటలు కూర్చోబెట్టి ఆ ముఖాన్ని తయారుచేశారు. ఇందులో కార్లాఫ్ సొంత వాటా ఉంది. తన కళ్ళు మరీ తెలివిగా, అన్నీ తెలిసినట్టు కనిపిస్తున్నాయని ఆయనకి అనిపించింది. కనురెప్పల మీద మైనం పెట్టి బరువుగా వాల్చమన్నారు. నోట్లో కట్టుడు పళ్ళు తీసేస్తే ఒకవైపు బుగ్గ లోపలికి పోయింది. ముఖం మీద ఇంత సామగ్రి పెట్టుకుంటే నటన కనపడదని ఎవరైనా భయపడతారు. కార్లాఫ్ మాత్రం కదలడానికి ఏం మిగిలిందో చూసుకున్నారు. చేతులు మిగిలాయి. పెదాల కొసలు మిగిలాయి. వాలిన రెప్పల కింద చూపు మిగిలింది.

మేరీ షెల్లీ 1818 నాటి నవలలో ఆ జీవి అనర్గళంగా మాట్లాడుతుంది, పుస్తకాలు చదువుతుంది, తన బాధని తానే వాదించుకుంటుంది. సినిమాలో దానికి మాటే లేదు. నవల అభిమానులకి ఇది పెద్ద లోటనిపిస్తుంది, నిజమే. కానీ మాట తీసేసినందువల్లే ఆ జీవి పసిబిడ్డ అయింది. ఆకలేస్తే, దెబ్బ తగిలితే చెప్పుకోలేని బిడ్డ. నేలమాళిగలో గొలుసులేసి, పనివాడు ఫ్రిట్జ్ కాగడా చూపించి, కొరడాతో కొట్టి ఏడిపిస్తుంటే అది చేసేది కేకలు పెట్టడమే. తర్వాత ఫ్రిట్జ్ చనిపోయినప్పుడు చూసేవాళ్ళెవరూ వాడి కోసం కన్నీళ్ళు పెట్టుకోరు.

చెరువు గట్టు సీన్ దగ్గర కాస్త ఆగాలి. మరియా అనే చిన్నపిల్ల ఒంటరిగా ఆడుకుంటూ ఉంటుంది. ఈ ఆకారాన్ని చూసి జడుసుకోని మొదటి మనిషి ఆ పాపే. చెయ్యి పట్టుకుని గట్టుకి తీసుకెళ్తుంది, పువ్వు ఇస్తుంది. మాన్‌స్టర్ నవ్వుతాడు. సినిమా మొత్తంలో ఆ ముఖం విప్పారేది ఇక్కడే. పువ్వుల్ని నీళ్ళలోకి విసిరితే పడవల్లా తేలుతాయని పాప చూపిస్తుంది. తనూ ఒక్కొక్కటే విసురుతాడు. చేతిలో పువ్వులు అయిపోతాయి. ఖాళీ చేతుల వంక చూసుకుంటాడు. పాప వంక చూస్తాడు. పువ్వులాంటిదే కదా, తేలుతుందనుకుంటాడు. ఎత్తి నీళ్ళలో వేసేస్తాడు. పాప మునిగిపోతుంది. ఆ తర్వాత కార్లాఫ్ చేసింది చూడాలి: వంగి నీళ్ళలో చేతులు పెట్టి తడుముతారు, ఏదో తప్పు జరిగిందని ఒంటికి తెలుస్తుంది కానీ ఏమిటో తెలియదు, చేతులు పిసుక్కుంటూ తూలుకుంటూ చెట్లలోకి వెళ్ళిపోతారు. పాపని అలా విసిరేయడం కార్లాఫ్‌కి ఇష్టం లేదు. మెల్లగా నీటి మీద పెడితే బాగుంటుందని వాదించారు. వేల్ ఒప్పుకోలేదు. వేల్ మాటే సరైనదనిపిస్తుంది. పువ్వుని ఎలా విసిరాడో పాపని అలాగే విసరబట్టే అది హత్య కాకుండా పోయింది.

సెన్సార్ వాళ్ళకి ఇది పట్టలేదు. చాలా చోట్ల మాన్‌స్టర్ పాప వైపు చేతులు చాచే దగ్గర సీన్ కోసేశారు. దాంతో చూసేవాళ్ళు అంతకన్నా ఘోరమైందేదో ఊహించుకున్నారు. ఆ కత్తిరించిన ముక్క తిరిగి సినిమాలో చేరడానికి 1980ల దాకా పట్టింది. అంటే ఒక తరానికి పైగా ప్రేక్షకులు ఈ పాత్రకి ప్రాణమైన నిమిషాన్ని సగమే చూశారు. అయినా పిల్లలకి మాత్రం విషయం అర్థమైంది. మాన్‌స్టర్ మీద జాలి చూపిస్తూ పిల్లలు తనకి ఉత్తరాలు రాసేవారని కార్లాఫ్ సంతోషంగా చెప్పుకునేవారు.

ఆ సినిమా మొదటి టైటిల్స్‌లో మాన్‌స్టర్ పాత్రధారి పేరు ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం వేశారు. మూడేళ్ళు తిరిగేసరికి ముందుపేరు కూడా అక్కర్లేకుండా ‘కార్లాఫ్’ అన్న ఒక్క మాటే తెర నిండా వేసే స్థితి వచ్చింది.

1932లో మూడు ముఖ్యమైన వేషాలు వచ్చాయి. వేల్ తీసిన ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’లో మాటలు రాని తాగుబోతు నౌకరు మోర్గన్. గడ్డం, ముఖం మీద గాటు, ఎవరి మీద పడతాడో తెలియని మనిషి. సినిమా అంతా వాణ్ణి తప్పించుకోవడమే మిగతావాళ్ళ పని. చివర్లో, ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ తను కాపలా కాసిన పిచ్చివాడు సాల్ చచ్చిపడి ఉంటే, మోర్గన్ ఆ శవాన్ని ఒళ్ళోకి తీసుకుని ఏడుస్తాడు. బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోతాడు. నిండా ఒక నిమిషం కూడా ఉండదు. ఆ కొద్దిసేపట్లోనే మనకి తెలియని ఒక జీవితం అంతా అక్కడ ఉందని తెలుస్తుంది.

అదే ఏడాది ‘ది మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ’లో చైనా దుష్టుడి వేషం. దీన్ని మెచ్చుకోవాల్సిన పనిలేదు. తూర్పు దేశాలవాళ్ళంటే తెల్లవాళ్ళని మింగేయడానికి కాచుక్కూర్చున్నారన్న విషపు ఊహ మీద కట్టిన సినిమా అది. ఆసియా రక్తం ఉన్న నటుడికి ఆసియా మీద ద్వేషం నింపిన వేషం ఇవ్వడం చూస్తే బాధ కలుగుతుంది. కార్లాఫ్ ఆ పాత్రని ఉత్సాహంగానే చేశారు. కానీ అందులో ‘అమ్మో’ మాత్రమే ఉంది. రెండో మాటకి చోటు లేని వేషాల్లో ఆయన కూడా మామూలు నటుడేనని ఆ సినిమా చూస్తే తెలుస్తుంది.

మూడోది ‘ది మమ్మీ’. టుటన్‌ఖామున్ సమాధి 1922లో బయటపడ్డాక ప్రపంచమంతా ఈజిప్టు మోజులో ఉంది. ఈ సినిమా రచయిత జాన్ బాల్డర్‌స్టన్ విలేకరిగా ఆ వార్తలు రాసినవాడే. కట్లు కట్టిన మమ్మీగా కార్లాఫ్‌ని తయారుచేయడానికి పియర్స్‌కి సుమారు ఎనిమిది గంటలు పట్టింది. తెర మీద ఆ వేషం ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు చాలు. కుర్రవాడొకడు శాపం రాసిన పెట్టెలో దొరికిన తాళపత్రంలాంటి చుట్టని విప్పి, గొణుక్కుంటూ చదువుతుంటాడు. వెనక శవపేటికలో మమ్మీ రెప్పలు ఒక గీత మేర తెరుచుకుంటాయి. ఛాతీ మీద ముడుచుకున్న చెయ్యి మెల్లగా జారుతుంది. ఆ తర్వాత బల్ల మీద ఉన్న చుట్ట మీదికి దుమ్ముకొట్టుకుపోయిన ఒక చెయ్యి వచ్చి పడుతుంది. కుర్రవాడు పిచ్చి నవ్వు మొదలుపెడతాడు. గుమ్మం దాటి వెళ్తున్న రెండు గుడ్డ పేలికలు నేల మీద ఈడ్చుకుపోవడం కనిపిస్తుంది. మమ్మీ నడవడం మనకి చూపించనే చూపించరు.

కట్లు విప్పేసి పదేళ్ళ తర్వాత అర్దత్ బే అనే పేరుతో తిరిగొచ్చినప్పుడు కార్లాఫ్ నటన ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ముఖమంతా ఎండిన నేల పగిలినట్టు సన్నని ముడతలు. శరీరం నిటారుగా, చేతులు పక్కలకి అంటుకుని. ఎవరైనా చెయ్యి కలపబోతే తనని ముట్టుకోవడం తనకి నచ్చదని మర్యాదగా తప్పుకుంటాడు. 3,700 ఏళ్ళ నాటి ఒళ్ళు, గట్టిగా పట్టుకుంటే పొడిపొడి అయిపోతుందేమోనని మనకి అనిపించేలా ప్రతి కదలికా లెక్కపెట్టి చేస్తారు. మాన్‌స్టర్ చేతులు అందరి వైపూ చాచుకుంటే, ఈయన చేతులు అందరి నుంచీ వెనక్కి పోతాయి. కానీ లోపలున్న బాధ ఒకటే. చచ్చిపోయిన ప్రియురాలిని బతికించబోయి సజీవ సమాధి అయిన మనిషి, వేల ఏళ్ళ తర్వాత కూడా ఆమె కోసమే లేచాడు. ఆ గొంతు విన్నవాళ్ళకి ఇంకో సంగతి తెలుస్తుంది: కార్లాఫ్‌ది మెత్తటి గొంతు. ‘స’ పలికేటప్పుడు కాస్త నాలుక తగిలేది. చిన్నప్పటి నత్తిని అధిగమించి తెచ్చుకున్న గొంతు అది. ఆ మెత్తదనాన్ని ఆయన ఎప్పుడూ వదులుకోలేదు. అరిచి భయపెట్టే అవసరం ఆయనకి రాలేదు.

1934లో ఎడ్గర్ ఉల్మర్ తీసిన ‘ది బ్లాక్ క్యాట్’ దీనికి పూర్తిగా భిన్నమైంది. ‘డ్రాకులా’తో పేరు తెచ్చుకున్న బేలా లుగోసీ, కార్లాఫ్ మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డ సినిమా. యుద్ధంలో తన మనుషుల్నే శత్రువుకి అమ్మేసి, వేలమంది చచ్చిన కోట శిథిలాల మీదే అద్దాలూ స్టీలూ వేసి కొత్త ఫ్యాషన్ ఇల్లు కట్టుకున్న ఆర్కిటెక్ట్ పోల్జిగ్ పాత్ర కార్లాఫ్‌ది. నేలమాళిగలో చచ్చిన ఆడవాళ్ళని గాజు పెట్టెల్లో నిలబెట్టి దాచుకుంటాడు. ఒక షాట్‌లో ఎదురుగా కొత్తగా పెళ్ళయిన జంట ముద్దు పెట్టుకుంటుంటే, ఇటు బల్ల మీద ఉన్న ఆడబొమ్మని పోల్జిగ్ చెయ్యి బిగించి పట్టుకుంటుంది. ముఖం చూపించరు. ఆ చెయ్యి ఒక్కటే చాలు, ఒళ్ళు జలదరించడానికి. ఫోన్ పనిచేయడం లేదని తెలిసినప్పుడు, ఆఖరికి ఫోన్ కూడా చచ్చిపోయిందని లుగోసీతో ఆయన అనే తీరులో ఒక తృప్తి ఉంటుంది. ఇక్కడ ‘పాపం’ ఎక్కడిదంటే లుగోసీ ముఖంలో ఉంది. కార్లాఫ్ ఎదుటివాడికి దాన్ని వదిలిపెట్టి, తను చలిరాయిలా నిలబడ్డారు.

1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ విషయంలో ఆయనకీ వేల్‌కీ మళ్ళీ పేచీ వచ్చింది. ఈసారి మాన్‌స్టర్‌కి మాటలు పెట్టారు. మాట్లాడితే ఆ పాత్ర పాడైపోతుందని కార్లాఫ్ గట్టిగా నమ్మారు, చివరిదాకా ఆ మాట మీదే ఉన్నారు. ఎంత గౌరవం ఉన్నా ఇక్కడ ఆయనతో ఏకీభవించడం కష్టం. అడవిలో గుడ్డి సన్యాసి గుడిసె సీన్ చూసినవాళ్ళెవరూ ఏకీభవించలేరు. వయొలిన్ పాట విని మాన్‌స్టర్ ఆ గుడిసెకి వస్తాడు. కళ్ళు లేని ముసలాయనకి ఆ ముఖం కనపడదు. లోపలికి రమ్మంటాడు. కూడు పెడతాడు. ఇన్నాళ్ళకి ఒక తోడు పంపావని దేవుడికి దండం పెట్టుకుంటూ ఏడుస్తాడు. మాన్‌స్టర్ చెంప మీదుగా కన్నీటి చుక్క జారుతుంది. వణుకుతున్న ముసలాయన భుజం మీద మెల్లగా చెయ్యి వేస్తాడు. ఇన్నాళ్ళూ అడగడానికి చాచిన చెయ్యి మొదటిసారి ఇంకొకరిని ఓదార్చింది.

ముసలాయన రొట్టె, ద్రాక్షసారా, చుట్ట ఇచ్చి ఒక్కొక్క మాటే నేర్పుతాడు. మంచి, చెడు, స్నేహితుడు. అన్నప్రాశన దాటిన పిల్లవాడు కొత్త మాట దొరికినప్పుడు పదే పదే అన్నట్టు కార్లాఫ్ ఆ మాటల్ని పలుకుతారు. ఆ కాస్త భాష వచ్చినందుకే సినిమా చివర్లో దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. తన కోసం తయారుచేసిన వధువు చెయ్యి పట్టుకుని నిమురుతూ ‘స్నేహితుడు?’ అని అడుగుతాడు. ఆమె చూసి కెవ్వుమంటుంది. తనలాంటిదే, తన కోసమే పుట్టినది కూడా తనని చూసి జడుసుకుంది. డాక్టర్‌నీ అతని భార్యనీ వెళ్ళి బతకమని పంపేసి, మేం చావాల్సినవాళ్ళమని తనే మీట లాగేస్తాడు. మాట రాని జీవికి ఈ నిర్ణయం చెప్పుకునే వీలుండేది కాదు.

1939లో ‘సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’తో సినిమాల్లో ఆ వేషం ముగించారు. ఆ షూటింగ్ రోజుల్లోనే, 1938 నవంబర్ 23న, సరిగ్గా ఆయన 51వ పుట్టినరోజున కూతురు సారా పుట్టింది. ఆ సినిమాలో మాన్‌స్టర్ మళ్ళీ మూగవాడు, చాలావరకు ఇంకొకరి చేతిలో పనిముట్టు. ఆ పాత్రలో ఇక కొత్తగా తీయడానికి ఏమీ లేదని ఆయనకి తెలిసిపోయింది. ఒక్క చోట మాత్రం పాత కార్లాఫ్ కనిపిస్తారు, తన ఏకైక నేస్తం ఇగోర్ శవాన్ని చూసి పెట్టిన కేకలో.

ఆ తర్వాత కొన్నేళ్ళు కొలంబియా స్టూడియో వాళ్ళకి వరసగా సైంటిస్టు వేషాలు వేశారు. మంచి చేయబోయి చెడిపోయే డాక్టర్లు. ఒకటి చూస్తే మిగతావి చూసినట్టే. 1941లో బ్రాడ్వేలో ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ నాటకం మాత్రం పెద్ద విజయం. అందులో ఆయన వేసిన హంతకుడికి ఎవరైనా ‘నువ్వు బోరిస్ కార్లాఫ్‌లా ఉన్నావు’ అంటే ఒళ్ళు మండిపోతుంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మేకప్ కుర్చీలో గంటలు, ఆపైన షూటింగ్‌లో గంటలు గడిపిన అనుభవంతో, 1933లో నటుల సంఘం పెట్టినప్పుడు మొదటి వరసలో చేరారు. సభ్యత్వ సంఖ్య 9. స్టూడియోలకి కోపమొస్తే వేషాలు పోయే రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

కార్లాఫ్ నటజీవితంలో రెండో శిఖరం ఆర్‌కేవో స్టూడియోలో నిర్మాత వాల్ లూటన్ దగ్గర దొరికింది. ఆ మూడు సినిమాల్లో 1945 నాటి ‘ది బాడీ స్నాచర్’ అన్నిటికన్నా గొప్పది. మాన్‌స్టర్ తర్వాత ఆయన చేసిన పాత్రల్లో ఇదే ఉత్తమమని ధైర్యంగా చెప్పొచ్చు. కొందరికి మాన్‌స్టర్ కన్నా ఇదే గొప్పదనిపించినా తప్పులేదు. స్టీవెన్‌సన్ కథ, రాబర్ట్ వైజ్ దర్శకత్వం. 1831 నాటి ఎడిన్‌బరోలో వైద్య విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి శవాలు దొరకవు. గుర్రబ్బండి తోలే గ్రే, అంటే కార్లాఫ్, రాత్రిళ్ళు సమాధులు తవ్వి డాక్టర్ మాక్‌ఫర్లేన్‌కి శవాలు అమ్ముతాడు. సమాధుల్లో దొరకనప్పుడు బతికున్నవాళ్ళనే శవాల్ని చేస్తాడు.

ఇక్కడ మేకప్ లేదు. పొడుగు టోపీ, బుగ్గల మీసాలు, నవ్వు ముఖం. వరస కూడా తిరగబడింది. ఇదివరకు ముందు ‘అమ్మో’, తర్వాత ‘పాపం’. గ్రే మొదటిసారి కనిపించేటప్పుడు, నడవలేని ఒక చిన్నపిల్లని బండిలోంచి ఎత్తుకుని దించుతాడు. తన తెల్ల గుర్రాన్ని నిమరనిస్తాడు, ఈ గుర్రం ఇకనుంచీ నిన్ను గుర్తుపడుతుందని చెప్తాడు. ఎంత మంచివాడో అనుకుంటాం. ఆ మంచితనం నటన కూడా కాదు, అదే భయం. ఆ చేతులే తర్వాత ఏం చేస్తాయో చూడాలి. వీధిలో పాడుకుంటూ అడుక్కునే అమ్మాయి ఉంటుంది. ఒక రాత్రి ఆమె పాడుకుంటూ చీకటి కమాను కిందికి నడిచి వెళ్తుంది. గ్రే బండి వెనకాలే వెళ్తుంది. కెమెరా ఇటే ఉండిపోతుంది. చీకట్లోంచి పాట వినిపిస్తూ ఉంటుంది, వినిపిస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. అంతే. బెదిరించి డబ్బు లాగబోయిన లుగోసీ పాత్రని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, తాగించి, నవ్విస్తూ నవ్విస్తూనే నోరు నొక్కేస్తాడు. లుగోసీ, కార్లాఫ్ కలిసి చేసిన చివరి సినిమా ఇదే.

కానీ ఈ పాత్రకి వెన్నెముక ఇంకో చోట ఉంది. ఇంత పెద్ద డాక్టర్‌ని ఎందుకు వేధిస్తున్నావు, నీకేం వస్తుంది అని మాక్‌ఫర్లేన్ అడిగితే గ్రే చెప్పే సమాధానంలో. తను చిన్నవాడు, పేదవాడు, ఇష్టం లేని పనులెన్నో చేయాల్సొచ్చింది. అంత గొప్ప డాక్టర్ తన ఈలకి ఉలిక్కిపడినంత కాలం తను మనిషి. అది కూడా లేకపోతే తను వట్టి బండివాడు, సమాధులు తవ్వే దొంగ. కార్లాఫ్ ఈ మాటలు గొంతు పెంచకుండా అంటారు. ఒక్క క్షణం నవ్వు తెర జారిపోయి కింద ఉన్న అవమానం కనిపిస్తుంది. డాక్టర్ గౌరవమంతా గ్రే తవ్విన గుంటల మీద నిలబడింది. ఒకప్పుడు కోర్టులో డాక్టర్ పేరు బయటకి రాకుండా కాపాడింది కూడా గ్రేనే. శవం కొన్నవాడు పెద్దమనిషి, తెచ్చినవాడు నేరస్తుడు. ఎంత కొత్త ఊరికెళ్ళినా ఈ లెక్క మనకి పరిచయమే.

మరుసటి ఏడాది ‘బెడ్‌లామ్’లో పిచ్చాసుపత్రి అధికారి సిమ్స్‌గా కూడా ఇలాంటి చోటే ఒకటి ఉంది. పెద్దల దగ్గర వంగి వంగి నడుస్తూ, రోగుల్ని జంతువుల్లా కట్టేసే మనిషి. చివర్లో ఆ రోగులే పట్టుకుని విచారణ పెడితే, తన పైవాళ్ళంటే భయంతోనే ఇదంతా చేశానని ఒప్పుకుంటాడు.

1963లో మారియో బావా ఇటలీలో తీసిన ‘బ్లాక్ సబ్బత్’లోని ఒక కథలో కార్లాఫ్ తాతగా కనిపిస్తారు. రక్తం తాగే పిశాచిని చంపడానికి వెళ్ళిన ఇంటి పెద్ద గోర్కా, ఐదు రోజులు దాటి వస్తే నన్నూ చంపేయండని చెప్పి వెళ్తాడు. సరిగ్గా గడువు తీరే వేళకి తిరిగొస్తాడు. వచ్చినవాడు తాతో, పిశాచమో ఎవరికీ తెలియదు. మనవణ్ణి ఒకసారి ఎత్తుకోనివ్వండి అంటాడు. తాత మనవణ్ణి అడిగితే కాదనేది ఎవరు? ఆ ఇంట్లోనూ ఎవరికీ నోరు రాదు. ఇంటి పెద్ద మీద ఉండే భయభక్తుల్నే ఉరితాడుగా పేనిన కథ ఇది. మనవడు చచ్చి పాతిపెట్టాక, అర్ధరాత్రి తలుపు బయట నుంచి ‘అమ్మా, చలేస్తోంది’ అని ఏడుస్తాడు. ఏ తల్లయినా ఏం చేస్తుందో ఆ తల్లీ అదే చేస్తుంది.

అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు. ఊపిరితిత్తుల జబ్బు, కాళ్ళ నొప్పులు. అయినా పని మానలేదు. నిర్మాత రోజర్ కోర్మన్‌కి ఆయన రెండు రోజుల కాల్షీట్లు బాకీ ఉంటే, కోర్మన్ ఆ రెండు రోజుల్ని పీటర్ బొగ్డనోవిచ్ అనే కొత్త కుర్రాడికిచ్చి ఏదైనా తీసుకోమన్నారు. అలా 1968లో ‘టార్గెట్స్’ వచ్చింది. కార్లాఫ్ ఇందులో బైరన్ ఓర్లాక్ అనే ముసలి హారర్ నటుడు, అంటే దాదాపు తానే. పేపర్ తెరిస్తే నిజమైన హత్యలు, తన పాత భూతాలకి ఇక ఎవరు భయపడతారని రిటైర్ అయిపోదామనుకుంటాడు. ఒక రాత్రి హోటల్ గదిలో టీవీలో తన పాత సినిమా వస్తుంది. అది ‘ది క్రిమినల్ కోడ్’. 43 ఏళ్ళ కార్లాఫ్ తెర మీద నడుస్తుంటే 80 ఏళ్ళ కార్లాఫ్ కూర్చుని చూస్తారు.

‘టార్గెట్స్’లోనే మృత్యువుని తప్పించుకుందామని సమారా ఊరికి పారిపోయిన నౌకరు కథ ఒకటి చెప్తారు. కెమెరా మెల్లగా ముఖం దగ్గరికి వస్తుంది. మేకప్ లేదు, ముసుగు లేదు, ఆ మెత్తటి గొంతు మాత్రం ఉంది. ఒకే టేక్‌లో చెప్పేశారు. అయిపోగానే సెట్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు.

మరోవైపు, చక్కగా క్రాఫ్ దువ్వుకున్న బాబీ అనే కుర్రాడు కారణం లేకుండా తల్లినీ భార్యనీ కాల్చి, దారిన పోయేవాళ్ళని కాల్చి, చివరికి ఓర్లాక్ సినిమా ఆడుతున్న డ్రైవ్-ఇన్ థియేటర్ తెర వెనక ఎక్కుతాడు. కార్లలో కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కరిగా కాలుస్తాడు. ఓర్లాక్ చేతికర్ర పట్టుకుని వాడి వైపు నడుస్తాడు. తెర మీద కూడా ఓర్లాకే నడిచి వస్తున్నాడు. ఇద్దరిలో ఎవరు నిజమో తెలియక వాడు అటూ ఇటూ కాలుస్తాడు. ముసలాయన చేతికర్రతో వాడి పిస్తోలు తోసేసి, చెంపల మీద లాగి కొడతాడు. వాడు మూలకి ముడుచుకుపోతాడు, చిన్నపిల్లాడిలా.

‘దీనికా నేను భయపడింది?’ అంటాడు ఓర్లాక్. గొంతులో గెలిచిన గర్వం లేదు. కొట్టిన చెయ్యి ఇంకా దించలేదన్నట్టు నిలబడి వాడినే చూస్తాడు. ఆ కుర్రాణ్ణి చూసి ‘అమ్మో’ అనాలో, ‘పాపం’ అనాలో తెలియని చూపు అది. కొన్ని నెలలకి, 1969 ఫిబ్రవరి 2న, ఇంగ్లండ్‌లోని మిడ్‌హర్స్ట్ ఆసుపత్రిలో కార్లాఫ్ చనిపోయారు. ‘టార్గెట్స్’ ఆఖరి షాట్‌లో తెల్లారిపోయి ఉంటుంది. డ్రైవ్-ఇన్ మైదానమంతా ఖాళీ. ఆ కుర్రాడి తెల్ల కారు ఒక్కటే అక్కడ మిగిలి ఉంటుంది.